పెద్దవాళ్ళలో గాభరా, ఒంటి జబ్బు: ముందు ఏది చూడాలి, ఎక్కడ ఆపాలి

అరవై దాటినవాళ్ళు "నాకు ఆందోళనగా ఉంది" అని నోరు తెరిచి చెప్పడం తక్కువ. "గుండె దడదడలాడుతోంది", "ఒంట్లో ఏదోలా ఉంది", "కాళ్ళు తేలిపోతున్నాయి", "కడుపులో తిప్పేస్తోంది" అంటూ ఒంటి మీద పెట్టే చెబుతారు. అది విన్న ఇంట్లోవాళ్ళు రెండు దారుల్లో ఏదో ఒకటి పడతారు. "వయసు కదా, అంతా టెన్షనే" అని కొట్టిపారేయడం ఒకటి. డాక్టర్ల చుట్టూ, స్కాన్‌ల చుట్టూ తిప్పడం రెండోది. మొదటి దారిలో థైరాయిడ్ తేడానో, గుండె లయ తప్పడమో దొరక్కుండా పోతుంది. రెండో దారిలో ప్రతి కొత్త పరీక్షా భయానికి కొత్త మేత అవుతుంది.

నిజానికి ఈ వయసులో ఒంటి జబ్బూ, గాభరా చాలాసార్లు కలిసే ఉంటాయి. ఊపిరితిత్తుల జబ్బున్న మనిషికి ఊపిరాడక గాభరా పుడుతుంది, ఆ గాభరాకు శ్వాస వేగం పెరిగి ఆయాసం ఇంకా ఎక్కువవుతుంది. అందుకే "ఇది ఒంటిదా, మనసుదా" అని తేల్చుకోవడానికి కూర్చోకండి. వరుసగా ఏమేం చూడాలో, ఎంతవరకు చూసి ఆపాలో తెలిస్తే చాలు. ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి: ముందెప్పుడూ భయస్తులు కానివాళ్ళకు పెద్ద వయసులో మొదటిసారి ఆందోళన మొదలైతే, ఒంట్లో కారణం ఉందేమో వెతికాకే దాన్ని మనసు ఖాతాలో వేయాలి.

ఇవి కనిపిస్తే ఈ వరుస పక్కన పెట్టి ఆస్పత్రికి వెళ్ళండి

- ఛాతీలో బిగుతు, బరువు లేదా నొప్పి 10 నిమిషాలు దాటినా తగ్గకపోవడం. పెద్దవాళ్ళలో, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్ళలో, గుండెపోటు నొప్పి లేకుండా ఉత్త ఆయాసంగానో, చెమటలుగానో, వాంతిగానో కూడా వస్తుంది.
- మూతి ఒక పక్కకు వంకరపోవడం, ఒక చెయ్యి లేవకపోవడం, మాట ముద్దగా రావడం.
- కదలకుండా కూర్చున్నా ఆయాసం. ఆక్సీమీటర్‌లో (వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసే చిన్న మిషన్) 92 లేదా అంతకు తక్కువ. పాత ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్ళు తమకు డాక్టర్ చెప్పిన అంకెనే చూసుకోవాలి.
- స్పృహ తప్పి పడిపోవడం. కూర్చుని ఉన్నా నాడి 120 దాటి దిగిరాకపోవడం.
- నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ తేదీ, చోటు, మనుషులను తికమకపడటం, కాసేపు మగతగా, కాసేపు కంగారుగా మారుతూ ఉండటం. ఇది ఆందోళన కాదు, డెలిరియం, అంటే ఒంట్లోని జబ్బు వల్ల మతి హఠాత్తుగా తికమకపడటం. మూత్రంలో ఇన్ఫెక్షన్, నిమోనియా, సోడియం తగ్గడం, కొత్తగా వేసిన మందు, ఇలా ఏదైనా కారణం కావచ్చు. గంటల్లో చూపించాలి.
- "నేనింక బతకడం ఎందుకు" లాంటి మాటలు. మాటవరసకు అన్నారులే అనుకుని వదిలేయకండి.

పానిక్ అటాక్ (ఉన్నట్టుండి ముంచెత్తే తీవ్రమైన భయం) సాధారణంగా 10 నిమిషాల్లోపే శిఖరానికి చేరి తర్వాత దిగుతుంది. అలాగని మొదటిసారి వచ్చినదానికి ఇంట్లోనే ఆ పేరు పెట్టకండి. ఈసీజీ తీశాక డాక్టర్ పెట్టాలి ఆ పేరు.

1. రెండు వారాల పాటు రాసిపెట్టండి

చిన్న నోట్‌బుక్ ఒకటి చాలు. గాభరా వచ్చిన ప్రతిసారీ ఒక్క వరుస: టైము, ఏం చేస్తుండగా, ఒంట్లో ఎక్కడ ఎలా అనిపించింది, అంతకు ముందు ఏం తిన్నారు, ఏ మందు ఎప్పుడు వేసుకున్నారు, ఎంతసేపు ఉంది, 0 నుంచి 10లో ఎంత భయం. ఇలా ఉంటుంది ఒక వరుస:

"ఉదయం 11:20. కుర్చీలో కూర్చుని ఉన్నా. వణుకు, చల్లటి చెమట, ఆకలి, భయం 7. షుగర్ మాత్ర 8కి వేసుకున్నా, టిఫిన్ సగమే తిన్నా. ఏదో తిన్నాక పావుగంటలో సర్దుకుంది."

ఇది చూడగానే తెలిసిపోతుంది, ఇక్కడ అడగాల్సింది మనసును కాదు, గ్లూకోమీటర్‌ను. 70 కంటే తక్కువ చూపిస్తే 15 గ్రాముల చక్కెర నీళ్ళలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకు మళ్ళీ చూడాలి. బీటా బ్లాకర్ రకం బీపీ మందు వాడేవాళ్ళలో షుగర్ పడిపోయినా గుండె దడ కనిపించకపోవచ్చు, చెమటలు మాత్రం పడతాయి.

ఇలాగే ఇంకొన్ని గుర్తులున్నాయి. మంచం మీంచి లేచిన నిమిషంలోపే వచ్చే తూలు, గాభరా బీపీ పడిపోవడం వైపు చూపిస్తాయి. ఇన్‌హేలర్ పీల్చిన పావుగంటకు వచ్చే వణుకు ఇన్‌హేలర్‌దే కావచ్చు. పడుకోగానే వచ్చి, లేచి కూర్చుంటే తగ్గే ఆయాసాన్ని గుండె డాక్టర్‌కు చూపించాలి. ఒంటరిగా ఉన్నప్పుడో, ఒక ఫోన్ కాల్ తర్వాతో, ఆస్పత్రికి వెళ్ళే ముందురోజో వస్తుంటే ఆందోళన వాటా ఎక్కువ. రెండు వారాల రాత ఇచ్చే సమాచారం పది నిమిషాల కన్సల్టేషన్‌లో అడిగినా బయటికి రాదు.

2. మందులన్నీ ఒకచోట పోయండి

చీటీలు కాదు, మందులే. వాడుతున్నవి, మానేసినవి, పక్కింటివాళ్ళు ఇచ్చినవి, జలుబు మాత్రలు, విటమిన్‌లు, చుక్కల మందులు, అన్నీ. ఒక్కోదాని పక్కన ఎప్పుడు మొదలుపెట్టారో, మోతాదు ఎప్పుడు మారిందో రాయండి. గాభరా మొదలైన తేదీకి ముందు నెలలో ఏం మారిందో చూస్తే సగం పని అయిపోయినట్టే.

దడ, వణుకు, నిద్రలేమి తెచ్చేవి: సాల్బుటమాల్ లాంటి ఇన్‌హేలర్‌లు, ఆయాసానికి వాడే థియోఫిలిన్, ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్‌లు, అవసరాన్ని మించిన థైరాక్సిన్ (థైరాయిడ్ మాత్ర), ముక్కుదిబ్బడకు వాడే సూడోఎఫిడ్రిన్. కాఫీ, టీలను కూడా ఈ లెక్కలోనే వేయండి.

హఠాత్తుగా మానేస్తే గాభరా తెచ్చేవి వేరే ఉన్నాయి. నిద్రమాత్రలు, బీటా బ్లాకర్‌లు, డిప్రెషన్ మందులు, మద్యం. ఆస్పత్రిలో చేరిన రెండు మూడు రోజులకు కొత్తగా వణుకు, కంగారు మొదలైతే, ఇంట్లో రోజూ వేసుకునే మాత్రో, రోజూ పుచ్చుకునే మద్యమో అక్కడ ఆగిపోయిందేమో ఆలోచించాలి. పెద్దవాళ్ళు ఈ రెండూ దాచిపెడతారు. డాక్టర్‌తో చెప్పాల్సిన బాధ్యత తెలిసినవాళ్ళదే.

జాబితా పూర్తయ్యాక మీకై మీరు ఏదీ ఆపకండి. డాక్టర్ ముందు పెట్టి "ఇందులో ఏది తీసేయొచ్చు" అని అడగండి. "ఇంకేదైనా రాయండి" అని అడిగితే మాత్రం ఇంకోటి రాస్తారు.

3. ఒక్కసారి, పూర్తిగా పరీక్షలు

విడతలు విడతలుగా కాకుండా ఒకేసారి చేయించుకుంటే భయం తగ్గుతుంది, తిరుగుడూ తగ్గుతుంది. మామూలుగా సరిపోయేవి: రక్తకణాల లెక్క (రక్తహీనతకు దడ, ఆయాసం రెండూ వస్తాయి), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్, సోడియం, పొటాషియం, కాల్షియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరుకు), విటమిన్ బి12, ఈసీజీ. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర, గ్యాస్ మాత్రలు ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకు బి12 తగ్గే అవకాశం ఎక్కువ. జుట్టుకూ గోళ్ళకూ వాడే బయోటిన్ మాత్రలు థైరాయిడ్ పరీక్షను తప్పుగా చూపించగలవు కాబట్టి కనీసం 2 రోజుల ముందు ఆపి, ఆ సంగతి ల్యాబ్‌లో చెప్పండి. దడ వచ్చిపోతూ ఉండి ఈసీజీ మామూలుగా ఉంటే 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించుకుని తిరిగే ఈసీజీ మిషన్) పెడతారు.

పెద్దవాళ్ళలో థైరాయిడ్ ఎక్కువైతే కళ్ళు పెద్దవి కావడం, చురుకుదనం లాంటి పాఠ్యపుస్తకం లక్షణాలు కనిపించకపోవచ్చు. నీరసం, బరువు తగ్గడం, గుండె లయ తప్పడం మాత్రమే ఉంటాయి. అలాంటి మనిషిని "దిగులు పెట్టుకున్నాడు" అనుకుంటారు.

పడుకుని, నిలబడి బీపీ చూడటం ఎవరూ అడగరు, మీరే అడగండి. 5 నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డ 1 నిమిషానికి, 3 నిమిషాలకు మరోసారి కొలవాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడితే ఆ తూలుకు కారణం దొరికినట్టే.

చూపు, వినికిడి కూడా పరీక్ష చేయించండి. సరిగ్గా వినపడని మనిషికి నలుగురిలో కూర్చోవడమే భయం.

ఇవన్నీ సరిగ్గా ఉంటే ఆగండి. కొత్త లక్షణం వస్తే తప్ప, అవే పరీక్షలు వేరే ల్యాబ్‌లో మళ్ళీ చేయించకండి. తిరిగి ఎప్పుడు చూపించుకోవాలో డాక్టర్‌తోనే తేదీ రాయించుకుంటే మధ్యలో పరుగులు తగ్గుతాయి.

4. బీపీ మిషన్‌ను అదుపులో పెట్టండి

బీపీ మిషన్ కొన్న ఇళ్ళలో ఒక తమాషా జరుగుతుంది. ఒకసారి 150 వస్తుంది. భయం వేసి ఇంకోసారి చూస్తారు, 162. మళ్ళీ చూస్తారు, 171. అది బీపీ పెరగడం కాదు, భయం పెరగడం.

కొలిచే పద్ధతి: అరగంట ముందు నుంచి కాఫీ, టీ, పొగ, వ్యాయామం వద్దు. మూత్రానికి వెళ్ళి వచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, కాళ్ళు అడ్డంగా వేసుకోకుండా 5 నిమిషాలు కూర్చోండి. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో ఉండాలి. కఫ్ చొక్కా మీద కాదు, ఒంటి మీద కట్టాలి. కొలుస్తుండగా మాట్లాడకూడదు. నిమిషం తేడాతో 2 సార్లు చూసి రాయండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, 7 రోజులు. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. ఇంట్లో ఈ సగటు 135/85కు లోపు ఉంటే మంచిదే. చెయ్యి కిందికి వేలాడినా, కఫ్ చిన్నదైనా, మూత్రం ఆపుకుని కూర్చున్నా అంకె ఎక్కువే వస్తుంది.

వారం అయ్యాక మిషన్‌ను బీరువాలో పెట్టేయండి, డాక్టర్ చెప్పిన రోజుల్లోనే తీయండి. "గాభరాగా ఉంది, ఒక్కసారి చూస్తా" అన్నప్పుడు చూడకపోవడమే ఇక్కడి చికిత్స. (పైన చెప్పిన అత్యవసర లక్షణాలుంటే సంగతి వేరు.) నాడి చూడాలనుకుంటే మణికట్టు దగ్గర రెండు వేళ్ళు పెట్టి పూర్తి 60 సెకన్లు లెక్కపెట్టండి. వేగం కంటే, దెబ్బలు వరుస తప్పి పడుతున్నాయా అన్నది ముఖ్యం. అలా పడుతుంటే ఈసీజీ కావాలి, బీపీ మిషన్ అంకెలను కూడా అప్పుడు పూర్తిగా నమ్మలేం.

5. ఆందోళనకూ ఒక అంకె ఇవ్వండి

జీఏడీ-7 అనే ప్రశ్నావళిలో 7 ప్రశ్నలుంటాయి. గడిచిన రెండు వారాల గురించి ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 వరకు మార్కులు, మొత్తం 21. 5 నుంచి తేలిక, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి తీవ్రం అంటారు. పెద్దవాళ్ళు భయాన్ని తగ్గించి చెబుతారు కాబట్టి 5–9 మధ్య వచ్చినా తేలిగ్గా తీసుకోకండి. ప్రశ్న చదివి వినిపించేవాళ్ళు "టెన్షన్ పడుతున్నారా?" అని కాకుండా "మనసు పీకుతూ ఉందా, కుదురుగా కూర్చోలేకపోతున్నారా?" అని అడిగితే నిజం చెబుతారు. తేదీతో రాసిపెట్టుకోండి, తర్వాత పోల్చుకోవడానికి ఇదే ఆధారం.

6. శ్వాస

అందరూ చెప్పేదే, చాలామంది తప్పుగా చేసేదీ ఇదే. గాభరా వచ్చాక మొదలుపెడతారు, గట్టిగా గుండెల నిండా పీలుస్తారు. దాంతో కార్బన్ డయాక్సైడ్ ఇంకా తగ్గి తల తిరగడం, వేళ్ళు తిమ్మిరెక్కడం పెరుగుతాయి. "చూశారా, పని చెయ్యలేదు" అంటారు.

కూర్చుని, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకోండి. ముక్కుతో 4 లెక్కపెట్టేంతసేపు మామూలుగా పీల్చండి, పొట్ట లేవాలి, భుజాలు లేవకూడదు. పెదవులు సున్నాలా చుట్టి 6 లెక్కపెట్టేంతసేపు నెమ్మదిగా వదలండి. మధ్యలో ఊపిరి బిగబట్టొద్దు. నిమిషానికి 6 శ్వాసలవుతాయి. రోజుకు రెండుసార్లు, 5 నిమిషాల చొప్పున, *నిమ్మళంగా ఉన్నప్పుడే* రెండు వారాలు అలవాటు చేయండి. ఆ తర్వాతే గాభరా సమయంలో ఒంటికి గుర్తుంటుంది. 4–6 కష్టమైతే 2–4తో మొదలుపెట్టండి. ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్ళు లెక్క వదిలేసి, వదిలే శ్వాస పొడవుగా ఉండేలా చూసుకుంటే చాలు. కాగితం సంచిలోకి ఊపిరి పీల్చడం చేయించకండి. అది గుండె జబ్బో ఊపిరితిత్తుల జబ్బో అయ్యుంటే ప్రమాదం.

7. కదలిక, పడిపోతామన్న భయం

ఒకసారి జారిపడ్డ మనిషి నడక తగ్గిస్తాడు. నడక తగ్గితే తొడ కండరం పలచబడుతుంది, కాళ్ళు వణుకుతాయి, ఆ వణుకే "నేను పడిపోతాను" అనడానికి సాక్ష్యం అవుతుంది. చివరికి నిజంగానే పడతాడు. పెద్దవాళ్ళ ఆందోళనలో ఇంత నష్టం చేసేది ఇంకోటి లేదని మా ఉద్దేశం. బయటికి ఇది భయంలా కనపడదు, "ఓపిక లేదు" అనే మాటలా వినపడుతుంది.

ముందు కాళ్ళ బలం చూడండి. గోడకు ఆనించిన, చేతులు లేని గట్టి కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. పక్కన ఒకరు నిలబడాలి. 65–69 ఏళ్ళ మగవాళ్ళు 12, ఆడవాళ్ళు 11 కంటే తక్కువ చేస్తే కాళ్ళు బలహీనంగా ఉన్నాయని అర్థం. అదే వ్యాయామం కూడా. 5 సార్లు చేసి, నిమిషం ఆగి, మళ్ళీ 5. రోజు విడిచి రోజు. రెండు వారాలకోసారి ఒక్కొక్కటి పెంచుతూ పోండి.

తర్వాత భయాల మెట్లు రాయండి. ఒక్కో పనికి 0–10 భయం మార్కు వేయించండి. ఉదాహరణకు: కుర్చీ పట్టుకుని ఒంటికాలి మీద 5 సెకన్లు (2), ఇంట్లో చేతికర్రతో ఒక గది నుంచి ఇంకో గదికి (3), గుమ్మం బయట 5 నిమిషాలు ఎవరైనా తోడుండగా (5), అదే ఒంటరిగా (6), నాలుగు మెట్లు రెయిలింగ్ పట్టుకుని (8). 3 దగ్గర మొదలుపెట్టండి. రోజూ అదే పని. భయం సగానికి దిగేదాకా ఆ మెట్టు వదలొద్దు, ఆ తర్వాతే పైమెట్టు.

ఇక్కడ పని చెడేది మూడు చోట్ల. ఉత్సాహంకొద్దీ 3 నుంచి 8కి దూకించడం ఒకటి. భయం బాగా పెరిగినప్పుడు "సర్లే, వచ్చెయ్" అని వెనక్కి తెచ్చేయడం ఇంకోటి: అప్పుడు ఒంటికి అర్థమయ్యేది "పారిపోతేనే బతికాను" అనే. అక్కడే నిలబడనిచ్చి, కాస్త దిగాక తీసుకురండి. ఇక మూడోది ప్రేమతో జరిగేది: చెయ్యి పట్టుకుని నడిపించడం ఎప్పటికీ మానకపోవడం. మొదట చెయ్యి, తర్వాత అడుగు దూరం, తర్వాత గది అవతల, ఇలా తగ్గించుకుంటూ రావాలి. జారే చాప, చీకటి బాత్రూం, వదులు చెప్పులు సరిచేయకుండా ధైర్యం మాత్రం చెప్పడం అన్యాయం.

గుండె దడకు భయపడేవాళ్ళకు నడకే మందు. నడిస్తే గుండె వేగం పెరుగుతుంది, ఆగితే తగ్గుతుంది. ఇది రోజూ చూస్తే దడ అంటే ప్రమాదం కాదని ఒంటికే తెలుస్తుంది. డాక్టర్ సరే అన్నాక 5–10 నిమిషాలతో మొదలుపెట్టి, నెలల మీద వారానికి 150 నిమిషాల వైపు వెళ్ళండి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంత వేగం సరిపోతుంది.

8. నిద్ర

పెద్దవాళ్ళు నిద్ర పట్టదని రాత్రి 8కే మంచం ఎక్కి, 3కి మెలకువ వచ్చి, "రాత్రంతా నిద్రే లేదు" అంటారు. లెక్కేస్తే 7 గంటలు మంచం మీదే ఉన్నారు. నిద్ర ముంచుకొచ్చినప్పుడే పడుకోవాలి. 20 నిమిషాల్లో పట్టకపోతే లేచి, మసక వెలుతురులో కూర్చుని, మళ్ళీ కునుకు వచ్చాక వెళ్ళాలి. లేచే టైము మాత్రం రోజూ ఒకటే. పగటి కునుకు మధ్యాహ్నం 3 లోపే, అరగంట మించకుండా. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది, మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ మానేయండి. రాత్రి మూత్రానికి పదే పదే లేస్తుంటే, నీరు తీసే మాత్ర పొద్దున్నే వేసుకోవచ్చా అని డాక్టర్‌ను అడగండి. సాయంత్రం గంటసేపు కాళ్ళు ఎత్తులో పెట్టుకుంటే కాళ్ళలో చేరిన నీరు పడుకునేలోపే చాలావరకు దిగిపోతుంది.

చింతలకు పగలే ఒక టైము పెట్టండి. సాయంత్రం 5కి 20 నిమిషాలు, కాగితం మీద. ఎడమ పక్క "నేను చేయగలిగేది", కుడి పక్క "నా చేతిలో లేనిది". రాత్రి గుర్తొస్తే "రేపు 5కి" అని వదిలేయడం మొదట్లో కుదరదు, పది రోజులకు కుదురుతుంది.

9. చికిత్స దాకా వస్తే

మాటల చికిత్సల్లో సీబీటీ (ఆలోచనల తీరునూ, అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే చికిత్స) పెద్దవాళ్ళకూ పనిచేస్తుంది. మామూలుగా 12–16 సెషన్‌లు. జ్ఞాపకశక్తి కాస్త తగ్గినవాళ్ళకు పాఠాలు చిన్నవి చేసి, ప్రతిదీ పెద్ద అక్షరాల్లో రాసిచ్చి, ఇంట్లో ఒకరిని కూర్చోబెట్టుకోమని అడగండి.

మందుల్లో మొదట ఎంచుకునేవి ఆందోళనకూ, డిప్రెషన్‌కూ వాడే సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ లాంటివి. పెద్దవాళ్ళకు మామూలు మోతాదులో సగంతో మొదలుపెడతారు: సెర్ట్రలిన్ 25 మిల్లీగ్రాములు, ఎస్సిటలోప్రామ్ 5. పని కనిపించడానికి 2 నుంచి 6 వారాలు. మొదటి వారం పది రోజులు గాభరా కాస్త పెరగొచ్చు. ఇది ముందే చెప్పకపోవడం వల్లే చాలామంది నాలుగో రోజు మానేస్తారు. వీటితో సోడియం తగ్గే ప్రమాదం ఈ వయసులో ఎక్కువ, నీరు తీసే మాత్రలు కూడా వాడేవాళ్ళకు ఇంకా ఎక్కువ. 2–4 వారాలకు సోడియం పరీక్ష చేయించండి. ఆస్పిరిన్, నొప్పి మాత్రలు వాడుతుంటే రక్తస్రావం సంగతి డాక్టర్‌ను అడగండి.

నిద్రమాత్రల రకానికి చెందిన అల్ప్రాజొలామ్, లోరజెపామ్, డయాజెపామ్ లాంటివి త్వరగా నిమ్మళం ఇస్తాయి, అదే వాటితో వచ్చిన చిక్కు. పెద్దవాళ్ళ ఒంట్లోంచి ముఖ్యంగా డయాజెపామ్ త్వరగా పోదు. తూలు, మతిమరుపు, పడిపోయి తుంటి ఎముక విరగడం, ఇవన్నీ వీటితో పెరుగుతాయి. నిద్రకని వాడే పాతరకం అలర్జీ మాత్రలూ మంచివి కావు, మతి తికమక, మలబద్ధకం, మూత్రం ఆగిపోవడం తెస్తాయి. అయితే ఏళ్ళుగా వాడుతున్నవాళ్ళ దగ్గర మాత్రల డబ్బా దాచేయడం అంతకంటే ప్రమాదం: మూర్ఛ కూడా రావచ్చు. డాక్టర్ పర్యవేక్షణలో 2–4 వారాలకోసారి 10–25 శాతం చొప్పున, చివర్లో ఇంకా నెమ్మదిగా తగ్గించాలి. నెలలు పట్టొచ్చు. ఒక మెట్టులో ఇబ్బంది పెరిగితే అక్కడే ఆగాలి, వెనక్కి పాత మోతాదుకు పోనక్కర్లేదు.

10. ఇంట్లోవాళ్ళ మాట

"ఏం కాదులే" అని రోజుకు ఇరవైసార్లు చెప్పడం బీపీ మిషన్ లాంటిదే, పది నిమిషాలు పనిచేసి మళ్ళీ అడిగిస్తుంది. అలాగని విసుక్కుంటే చెప్పడమే మానేస్తారు, అసలు జబ్బు వచ్చినా చెప్పరు. "దడగా ఉందా నాన్నా? ఛాతీ నొప్పి ఉందా? లేదా? అయితే మొన్నటి లాంటిదే. రా, శ్వాస చేద్దాం, పది నిమిషాలకు చూద్దాం." వినాలి, ప్రమాద సూచన ఉందో లేదో ఒక్కసారి అడగాలి, చేయాల్సిన పని చెప్పాలి. అత్యవసర లక్షణాల జాబితా ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంటే ఇద్దరికీ వాదన ఉండదు.

6 వారాలకు జీఏడీ-7 మళ్ళీ వేసి, పాత నోట్‌బుక్ పక్కన పెట్టి చూడండి. 5 మార్కులు తగ్గితే దారి సరైనదే, అలాగే కొనసాగించండి. తగ్గకపోతే మందు మోతాదు, మాత్రలు నిజంగా వేసుకుంటున్నారా లేదా, డిప్రెషన్ ఉందా, జ్ఞాపకశక్తి ఎలా ఉంది, ఈ నాలుగూ అదే వరుసలో డాక్టర్‌తో మాట్లాడండి.